రోగానికి బువ్వ పెట్టిన చిన్నమ్మ

శనగలు విత్తే రోజుల్లో మా చిన్నమ్మ పోయింది. ఆమె కొడుకు నస్పూర్ నుంచి ఫోన్ చేసినప్పుడు నేను కరీంనగర్ బస్టాండులో ఆదిలాబాద్ బస్సు కోసమే నిలబడి ఉన్నాను. "అక్కా, అవ్వ పోయింది. పక్కింటోళ్ళు పొద్దుగాల లేపితే లెవ్వలేదట" అన్నాడు తమ్ముడు. బస్సు వచ్చింది, ఎక్కాను. ఏటా విత్తనాల ముందు రెండు రోజులు ఆమె దగ్గర పని చేసి రావడం నాకు అలవాటు. ఈసారి సమాధి పనికి చేరాను.

చిన్నమ్మ అంటే మా అమ్మ చెల్లెలు. చొప్పదండి దగ్గర పుట్టి, ఆదిలాబాద్ అవతల నల్లరేగడి ఊరికి కోడలైంది. ఆ ఊరి పక్కనున్న పరిశోధన కేంద్రంలో ఇరవై ఏళ్ళకు పైగా కూలి చేసింది. నీళ్ళు లేని చేలలో శనగ మొక్కను ఎండు వేరుకుళ్ళు చంపేస్తుంది కదా, ఆ తెగులును తట్టుకునే రకాలు తయారుచేసే కేంద్రం అది. చిన్నమ్మ మంచిదే, కానీ మంచివాళ్ళు మన చుట్టూ చాలామంది ఉన్నారు. పగ పట్టడంలో మాత్రం ఆమె అంతటి మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు. ఆ సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాను.

సమాధి దగ్గర ఊరి పాస్టరు గారు క్షమాపణ గురించి వాక్యం చదివారు. చిన్నమ్మ వింటే పెట్టెలోనే అటు తిరిగి పడుకునేది. "క్షమించుడు దేవుని కొలువు బిడ్డా. సచ్చిన మొక్కలు లెక్కవెట్టుడు నా కొలువు" అనేది ఆమె.

మూడో రోజు పెద్దసారు ఫోన్ చేశారు. ఒకప్పుడు ఆ కేంద్రానికి పెద్ద ఆయనే. నేను ఆయన కింద కొత్తగా ఉద్యోగంలో చేరాను. ఇప్పుడు రిటైరై ఒక విత్తనాల కంపెనీకి సలహాలు ఇస్తున్నారు.

"ఏమ్మా, పాపం మీ చిన్నమ్మ పోయిందట కదా! మా దగ్గర ఎంత నమ్మకంగా చేసేది!"

"అవును సార్."

"ఆమె గురించి నాలుగు మంచి మాటలు రాసివ్వు. మన పాత రకం ఉంది చూడు, అది వచ్చే ఏడు కొత్త పేరుతో ఊళ్ళలోకి వస్తోంది. ప్యాకెట్‌తో పాటు ఇచ్చే పుస్తకంలో వేద్దాం. ఒక కూలి తల్లి చేతుల్లో పుట్టిన విత్తనం అంటే రైతులకు నమ్మకం కుదురుతుంది. అన్నట్టు, ఆ రకాన్ని కమిటీ చూసిన ఏటి లెక్కల కాగితం నకలు నీ దగ్గర ఉండాలే. అది కూడా పంపు."

ఒళ్ళు మండిపోయింది. అయినా గొంతు మెత్తగా పెట్టి అన్నాను: "రాస్తాను సార్. మీరు కూడా ఆ విత్తనం రెండు పెద్ద ప్యాకెట్లు పంపండి. చిన్నమ్మ పేరు మీద ఆమె చేనులో వేస్తాం."

"తప్పకుండా తల్లీ" అన్నారు. వారంలో ప్యాకెట్లు వచ్చాయి. ఇక నాలుగు మాటలు నా బాకీ. నాలుగు సరిపోలేదు గానీ, ఇవే.

నేను చదువు అయిపోయి ఆ కేంద్రంలో చేరిన మొదటి నెలలో ఒక ఘనకార్యం చేశాను. అక్కడ రోగపు మడి అని ఒకటి ఉండేది. మన్నులో కావాలనే రోగాన్ని పెంచిన మడి. కొత్త రకాలన్నీ అందులో విత్తుతారు. చచ్చేవి చస్తాయి, బతికినవాటిని ఏరుకుంటారు. మధ్య మధ్య ఒక సాలు, ఈ రోగానికి తప్పకుండా చచ్చే పాత రకం వేస్తారు. కాగితాల మీద దాన్ని చెక్ సాలు అంటారు, కూలి ఆడవాళ్ళు సచ్చే సాలు అనేవాళ్ళు. ఒక మధ్యాహ్నం అందరూ అన్నాలకు పోయినప్పుడు ఆ సాళ్ళు వాడిపోతుంటే చూడలేక, రెండు బకెట్ల నీళ్ళు మోసుకొచ్చి పోశాను. చిన్నమ్మ దూరం నుంచే అరుస్తూ పరుగెత్తుకొచ్చింది.

"ఏం జేసినవే! సచ్చేదాన్ని సావనియ్యవా?"

"పాపం అనిపించింది చిన్నమ్మా."

"పాపమా? గది సస్తేనే పక్క సాలుకు బలమున్నదని తెలుస్తది. గదీ బతికి గిదీ బతికితే ఏం తెలుస్తది? మన్నుల రోగమే లేదని తెలుస్తది. గిన్నేండ్లు సదివి గదే నేర్సినవా?"

ఆ నెలంతా ఆడవాళ్ళు నన్ను నీళ్ళ మేడం అని పిలిచారు. కానీ ఆమె చెప్పిన ఆ ముక్క నేను చదివిన పుస్తకాలన్నిటి కంటే బాగా తలకెక్కింది. చచ్చే సాలు చావకపోతే ఆ ఏటి పరీక్ష చెల్లదు. ఈ ఒక్కటి గుర్తు పెట్టుకోండి, ఇక ముందు చెప్పేదంతా దీని మీదే ఉంది.

ఆ రోగంతో ఆమెకు సొంత పగ ఉంది. పెళ్ళయిన మూడో ఏడు వాళ్ళ ఇరవై గుంటల శనగ గింజ పట్టే వేళకు వారం రోజుల్లో ఎండి గడ్డి రంగు తిరిగింది. పీకితే వేరు పుటుక్కున తెగి సగం మన్నులోనే ఉండిపోయేదట. ఆ ఏడే ఆమె భర్త, మా చిన్నబాపు, దుబాయి పోయాడు. తిరిగి రాలేదు, అక్కడే ఒక ఎండాకాలం పోయాడు. "గా రోగం నా ఇంట్లకెల్లి మనిషిని దీస్కపోయింది. నేను దాన్ని ఊకె ఇడుస్తనా?" అనేది. మిగతావాళ్ళు కూలి దొరుకుతుందని ఆ కేంద్రానికి పోయారు, చిన్నమ్మ మాత్రం దాని అంతు చూడడానికి పోయింది.

ఒకసారి "దాని మొఖం సూపియ్యి" అని పట్టుబట్టింది. ఎండిన వేరు బెరడు చిన్న ముక్క తీసి గాజుపలక మీద పెట్టి, సూక్ష్మదర్శినిలో చూపించాను. మిరియాల పొడి చల్లినట్టు నల్ల చుక్కలు. ఒక కన్ను మూసుకుని చాలాసేపు చూసింది. "గింతే ఉన్నదా!" అంది. లేచి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నేను గాజుపలక కడగబోతే చెయ్యి పట్టుకుని ఆపింది. ఆ ముక్కను తీసుకుపోయి రోగపు మడిలో వేసి వచ్చింది, పారేస్తే దండగ అని.

అదీ ఆమె పగ. శత్రువును మేపి మరీ పోట్లాడేది. ఏటా చచ్చిన మొక్కల వేళ్ళు ఎండబెట్టి గోనెసంచుల్లో దాచేది. విత్తే ముందు వాటిని చిన్న ముక్కలుగా నరికి మడిలో కలిపేది. "దానికి కడుపునిండ బువ్వ వెట్టాలె బిడ్డా. ఆకలితోని పడున్నదాన్ని గెలిస్తే గెలుపేంది?" అని అడిగేది. చిన్న చిమటాతో పూమొగ్గ విప్పి ఒక రకం పుప్పొడిని ఇంకో రకానికి అద్దడంలో ఆ కేంద్రంలో ఆమెను మించినవాళ్ళు లేరు. పువ్వుకు గుర్తుగా కట్టే దారం పోగు పళ్ళ మధ్య పట్టుకుని, ఊపిరి బిగబట్టి చేసేది. శనగాకు మీది పులుపుకు వేళ్ళు పగిలి నెత్తురు కారేవి. సాయంత్రం ఆముదం రాసుకుంటూ ఆ రోగాన్ని పేరు పెట్టి తిట్టేది. తమ్ముడు నవ్వేవాడు: "మా అవ్వకు రోగం పెద్దకొడుకు అక్కా. నేను శిన్నోన్ని."

పెద్దసారు సొంతంగా ఒక రకం తయారుచేశారు. గింజ పెద్దది, రంగు మంచిది, చూస్తే ఎవరైనా ముచ్చటపడాలి. కానీ రోగపు మడిలో వేసిన ప్రతిసారీ చచ్చే సాలుతో పోటీ పడి చచ్చేది. ఒక ఎండాకాలం ఆయన ఒక మాట చెప్పారు. రోగపు మడి గేటు పక్కనే చచ్చిన మొక్కలతో బొందలగడ్డ లాగా ఉంది, వచ్చేవాళ్ళకు బాగుండదు, వానాకాలం అందులో బోరు నీళ్ళు పెట్టి వరి వేద్దాం అని. సంచుల్లోని వేళ్ళు కూడా కాల్చేయమన్నారు. నెలల తరబడి నిలువ నీళ్ళలో ఉంటే ఆ రోగం చాలావరకు చస్తుంది. ఆ సంగతి ఆయనకు తెలుసు. నాకూ తెలుసు. నేను నోరు మూసుకున్నాను.

కాల్చే పని చిన్నమ్మకు అప్పజెప్పారు. ఆమె షెడ్డు వెనక మంట పెట్టింది. దట్టంగా పొగ లేచింది. సారు వరండాలోంచి చూసి తల ఊపి లోపలికి పోయారు. కాలింది పత్తి కట్టె. వేళ్ళ సంచులు మూడింటిని చిన్నమ్మ మూడు సాయంత్రాలు నెత్తిన పెట్టుకుని తన ఇంటికి చేర్చింది. తర్వాత వాటిని నరికి, తన ఇరవై గుంటల చేనులో కలిపి దున్నించింది. చిన్నబాపు పోయాక ఏళ్ళ తరబడి జొన్న, పత్తి మార్చి మార్చి వేసి బాగుచేసుకున్న భూమి అది. ఆమెకున్న భూమి అంతా అదే.

తమ్ముడు నస్పూర్ నుంచి వచ్చి నెత్తి కొట్టుకున్నాడు. "మంచి భూమిని నాశనం జేసినవ్ గదనే అవ్వా! ఇగ ఏం పండుతది ఇందుల?"

"కిరాయికిచ్చిన తియ్యి. పెద్దకొడుకుకు" అంది చిన్నమ్మ.

ఆ యాసంగి కేంద్రంలో సారు రకం పచ్చగా నిలబడింది. పక్కన చచ్చే సాళ్ళూ అంతే పచ్చగా నిలబడ్డాయి. పరిశీలించే కమిటీ రావడానికి నాలుగు రోజుల ముందు సారు నన్ను పిలిచారు.

"చెక్ సాళ్ళు పీకించెయ్. కాగితం మీద పూర్తిగా ఎండిపోయింది అని రాయి."

"బతికే ఉన్నాయి కదా సార్."

"నాలుగు రోజుల్లో పోయేవే. రాయమ్మా."

రాశాను. సంతకం పెట్టాను. దాని కింద ఆయన పెట్టారు. ఎవరూ నా చెయ్యి పట్టుకుని రాయించలేదు. కొత్త ఉద్యోగం, పెద్ద సారు, పిరికితనం. ఏ పేరు పెట్టినా ఆ సంతకం నాదే.

పీకే కూలీల్లో చిన్నమ్మ కూడా ఉంది. ఒక మొక్క చేత్తో పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. తెల్లటి వేరు, దాని నిండా పిల్లవేళ్ళు. "ఆకు అబద్ధమాడొచ్చు. వేరు అబద్ధమాడది" అంది. "గిసుంటి దాన్ని సచ్చిందని రాసినవా?"

"సారు రాయుమన్నరు చిన్నమ్మా."

"సారు రాయుమన్నరు, నువ్వు రాసినవ్. సరే తియ్యి."

ఆ రోజు నుంచి నాతో మాటలు బంద్. చాయ్ పంచేటప్పుడు అందరికీ పోసి, నా గ్లాసు బోర్లించి పెట్టి పోయేది. అందరి ముందు, రోజూ, రెండు పూటలా.

ఆ విత్తనం మరుసటి ఏడు చుట్టు ఊళ్ళన్నిటికీ పోవాలి. నీళ్ళు లేని, ఎండను నమ్ముకున్న చేలు అవి. వేసినవాళ్ళందరి పంటా గింజ పట్టే వేళకు పోతుందని నాకు తెలుసు. రైతులకు చూపించడానికి ఒక రోజు పెట్టారు. రెండు ట్రాక్టర్లలో రైతులు వచ్చారు, పచ్చటి సాళ్ళు చూశారు, సారు మాటలు విన్నారు, మధ్యాహ్నానికి తిరిగి బయలుదేరారు. సారు జీపు ముందు పోయింది. రైతుల్ని ఊరి దాకా దింపి రమ్మని నన్ను ట్రాక్టరు ఎక్కించారు. దారి చిన్నమ్మ చేను పక్కనుంచే. ఆమె దారికి అడ్డంగా నిలబడి ఉంది.

"జర దిగున్రి" అంది. "గా సారు సూపెట్టిన ఇత్తునమే నేను ఈడ ఏసిన. వచ్చి సూడున్రి."

గింజలు శుభ్రం చేసేటప్పుడు పిడికెడు కొంగున కట్టుకొచ్చిందట. దొంగతనమే. దిగి చూశాం. ఒక సాలు పాత రకం, ఒక సాలు సారు రకం. రెండూ గడ్డి రంగులో నిలువునా ఎండి ఉన్నాయి. ఒక్కొక్కరు వంగి పీకారు. చేను నిండా వేళ్ళు తెగే చప్పుడు. ఒక ముసలి రైతు చేతిలో శనగ మొక్కను తిప్పి చూస్తూ, "హర్‌బరా మొత్తం పోయింది గదా. గింత రోగం నీ చేనుకు ఎట్లొచ్చె?" అన్నాడు.

"నేనే తెచ్చిన. మూడు సంచులు మోసిన" అంది చిన్నమ్మ.

అప్పుడు నా వైపు తిరిగింది. రెండు వారాల తర్వాత ఆమె నాతో మాట్లాడిన మొదటి మాట అది. "నువ్వు జెప్పు బిడ్డా. గిది గదే ఇత్తునమా, కాదా?"

నేను తల దించుకున్నాను. అవును అనడానికి నోరు రాలేదు, కాదు అనడానికి ధైర్యం రాలేదు. నా కాళ్ళ వైపు నేను చూసుకుంటుంటే ఆ ముసలి రైతు, "పిల్ల జెప్పకపోయినా తెలుస్తనే ఉన్నది, నడువున్రి" అని ట్రాక్టరు ఎక్కాడు. ఆ ఊళ్ళు ఆ విత్తనం ముట్టలేదు.

మరునాడు హాజరు పట్టీలో చిన్నమ్మ పేరు పిలవలేదు. ఇరవై ఏళ్ళ పని, ఒక పేరు పిలవకపోవడంతో అయిపోయింది. సారుకు ఏమీ కాలేదు. పెద్ద ఊరికి బదిలీ, తర్వాత ఇంకా పెద్ద కుర్చీ, రిటైరైన రోజు శాలువాలు. ఆ ఫోటోలు పేపర్లో చూసి నేను పళ్ళు కొరికాను. చిన్నమ్మ మాత్రం, "గింజ ఊర్లల్లకు పోలే గదా. ఇగ ఫికర్ లేదు" అంది.

మరుసటి యాసంగి ముందు సిగ్గు చంపుకుని ఆమె ఇంటికి పోయాను. వాకిట్లో ఎండిన వేళ్ళ కుప్ప ముందు కూర్చుని ఉంది. కొడవలి నా వైపు తోసింది. "సన్నగ నరుకు" అంది. నరికాను. సాయంత్రం చాయ్ పోసి ఇచ్చింది. అప్పటి నుంచి నేను ఎక్కడికి బదిలీ అయినా ఏటా పోయి నరికి వచ్చేదాన్ని. చిన్నమ్మ చచ్చే రకాన్ని విత్తి, చావనిచ్చి, ఆ వేళ్ళే మళ్ళీ ఆ మన్నుకు పెట్టేది. ఊరు ఆమెకు పిచ్చి అనుకుంది. తమ్ముడు చాలా ఏళ్ళు ఆ చేను గట్టు తొక్కలేదు.

ఈ వానాకాలం చివరిసారి చూశాను. నాలుగడుగులు వేస్తే ఆయాసం. "మడిని పస్తు వెట్టకుర్రి" అంది. ఎందుకింకా చిన్నమ్మా, అయిపోయింది కదా అన్నాను. నా తెలివికి జాలిపడ్డట్టు చూసింది. "మల్ల తెస్తరు బిడ్డా. గసుంటోళ్ళు ఊకోరు. నేను పోయినంక తెస్తరు, సూడు."

ఆమె పోయిన మూడో రోజే తెచ్చారు.

సారు పంపిన ప్యాకెట్ విప్పి చూశాను. కొత్త పేరు, మెరిసే కాగితం, లోపల అదే పెద్ద గింజ, అదే రంగు. అవును చిన్నమ్మా, గిది గదే ఇత్తునం. అప్పుడు చెప్పలేనిది ఇప్పుడు అచ్చులో చెబుతున్నాను. ఆ ఏటి లెక్కల కాగితం నకలు కూడా పంపాను, సారుకు కాదు, మా పై ఆఫీసుకు. ఇందులో రాసింది అబద్ధం, మొదటి సంతకం నాది, రెండోది వారిది అని ఉత్తరం జతచేశాను. నాకు నోటీసు వచ్చింది. రానీ. ఉద్యోగం పోతే పోనీ. నేను ఆయన్ను క్షమించలేదు, నన్ను నేనూ క్షమించుకోలేదు. ఇద్దరం కలిసి పెట్టిన సంతకాలు, ఇద్దరం కలిసే మునుగుతాం.

విత్తిన రోజు తమ్ముడు సెలవు పెట్టి వచ్చాడు. చెప్పులు గట్టు మీద విప్పి చేనులో దిగాడు. "పెద్దోడు ఆకలి మీదున్నడు అక్కా" అని నవ్వాడు, మళ్ళీ ఏడ్చాడు. ఒక సాలు చచ్చే రకం, ఒక సాలు సారు రకం, ఇరవై గుంటల నిండా అలాగే వేశాం. దారి పక్కన బోర్డు పాతాం. దాని మీద ప్యాకెట్ మీది పేరు పెద్ద అక్షరాలతో రాయించాం. బండ్ల మీద పోయేవాళ్ళు ఆగి చదువుతున్నారు. ఇప్పుడు చేను పూతలో ఉంది. గులాబి రంగు పూలు, జానెడు ఎత్తు మొక్కలు, ఏ సాలు ఏదో తెలియనంత పచ్చగా. వాన పడితే మాత్రం మొత్తం పాడవుతుంది. తడి ఉంటే ఆ రోగం లేవదు. గింజ పట్టే దాకా ఎండ కాయాలి, మన్ను బీటలు వారాలి.

మొన్న ఆదివారం కరీంనగర్‌లో మా చర్చిలో ప్రార్థన మనవులు అడిగారు. ఒకామె కూతురి కాన్పు కోసం లేచింది. ఒకాయన సౌదీలో ఉన్న కొడుకు కోసం లేచాడు. నేనూ లేచాను. శివరాత్రి దాకా చినుకు పడొద్దని, ఎండలు ముదరాలని ప్రార్థన చేయమన్నాను. పాస్టరు గారు కళ్ళద్దాల మీదుగా చూసి, "ఎవరి కోసం తల్లీ?" అని అడిగారు. ఒక పెద్దమనిషి కోసం అన్నాను. ఆయన చీటీ మీద రాసుకున్నారు. సంఘమంతా తలలు వంచి పెద్దసారు కోసం ప్రార్థన చేసింది.